క్వాంటమ్ శాస్త్రమును మన విశ్వాసమును

(ఇంటి కూడికలలో చదివి ధ్యానించుటకు. వాక్యభాగములు: యోబు 38వ అధ్యాయము, సామెతలు 16:33, యోహాను 20:19–29, హెబ్రీయులకు 11:1–3.)



గడచిన మిరపకోతల దినములలో, నందిగామకును జగ్గయ్యపేటకును నడుమనున్న ఒక గ్రామములో ఇంటి కూడిక ముగిసిన తరువాత, వృద్ధురాలగు ఒక సహోదరి నన్ను ప్రక్కకు పిలిచి, తన మెడలోని దారమునకు వ్రేలాడుచున్న నల్లని రాతిబిళ్లను చూపించెను.

"అయ్యగారూ, దీంట్లో క్వాంటమ్ శక్తి ఉందంట. గుండెమీద ఉంటే ప్రార్థన తొందరగా చేరిద్దంట. షుగరు బిళ్లలు, బీపీ బిళ్లలు ఇంక అక్కర్లేదన్నాడు. మూడు వేలిచ్చాను. ఇది దేవుడి శక్తా, సైన్సు శక్తా?" అని అడిగెను.

మూడు వేలనగా ఆమెకు పది దినముల కోతకూలి. నెలదినములుగా మాత్రలు మానివేసినందున ఆమె పాదములు పొంగియుండెను. ఇంటర్మీడియటు చదువుచున్న ఆమె మనుమడు ప్రక్కనే నిలిచి, "అమరావతిలో క్వాంటమ్ వస్తుందని పేపర్లో వేశారు గదండీ, అదే ఇది అనుకున్నాం" అనెను.

ఆ పిల్లవానిని నేను తప్పుపట్టలేదు. కృష్ణ ఆవలి ఒడ్డునున్న అమరావతిలో క్వాంటమ్ వ్యాలీ అను కేంద్రము వచ్చుననియు, అందులో 156 క్యూబిట్ల క్వాంటమ్ కంప్యూటరు నుంచబడుననియు 2025 మే నెలలో ఐ.బి.ఎం., టి.సి.ఎస్. సంస్థలు ప్రకటించినవి. అది మొదలు ముక్త్యాలనుండి కంచికచర్లవరకు ఈ మాట వినబడుచున్నది. క్రొత్తమాట ఊరిలోనికి వచ్చినప్పుడు దానిని మొదట వాడుకొనువాడు వర్తకుడు. రెండవవాడు, సిగ్గుతో చెప్పుచున్నాను, ప్రసంగీకుడు. కావున ఈ నెల పాఠములో ఆ మాట అర్థమేమో, దానికిని మన విశ్వాసమునకును సంబంధమెంతవరకో చూతము. కొంచెము ఓపికతో చదువుడి.

"క్వాంటమ్" లాటిను మాట. "ఎంత" అని దాని అర్థము. అందులో మంత్రమేమియు లేదు. కమ్మరి కొలిమిలో కర్రు కాల్చుట మీలో పెద్దలు చూచియే యుందురు. ఇనుము మొదట మసక ఎరుపు, తరువాత నారింజ, పిమ్మట తెలుపు రంగునకు తిరుగును. రంగును చూచియే కమ్మరి వేడిని చెప్పగలడు. ఈ రంగులు ఈ వరుసలోనే ఎందుకు వచ్చునని 19వ శతాబ్దపు పండితులు లెక్కవేసిరి. వారి లెక్కప్రకారము, కాలిన ప్రతి వస్తువును కంటికి కనబడని అతినీలలోహిత కిరణములను అంతులేకుండ వెదజల్లవలెను. కొలిమియొద్ద కూర్చున్నవాడు బ్రదుకరాదు. కమ్మరి బ్రదికియే యున్నాడు గనుక లెక్కయే తప్పు. 1900 డిసెంబరులో జర్మనీ పండితుడు మాక్సు ప్లాంకు ఆ చిక్కును విప్పెను. వేడివస్తువు శక్తిని నీటిధారవలె కాక, సోలతో కొలిచి పోసినట్లు విడివిడి మోతాదులుగానే ఇచ్చి పుచ్చుకొనుననియు, ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క సోల కలదనియు, అరసోల, ముప్పాతికసోల అను బేరము ప్రకృతిలో లేదనియు అనుకొనినచో లెక్క సరిపోయెను. 1905లో ఐన్‌స్టీను ఇంకొక అడుగు ముందుకు వేసి, వెలుగే అట్టి మోతాదులుగా ప్రయాణము చేయుననెను. ఆ మోతాదునకు తరువాత ఫోటాను అని పేరు కలిగెను. ఒక వాటు ఆకుపచ్చని వెలుగులో సెకనుకు సుమారు 27 వేల కోటి కోట్ల ఫోటానులుండును. అందుచేత అది మనకు ఎడతెగని ధారవలె కనబడుచున్నది. దూరమునుండి ఏటి ఇసుకతిన్నె బట్ట పరచినట్లు కనబడదా?

ఇంతవరకు ఎవరికిని అభ్యంతరముండదు. ఆశ్చర్యమైన సంగతి ఇక వచ్చుచున్నది.

చెరువుగట్టునకు దగ్గరదగ్గరగా రెండు తూములున్నవనుకొనుడి. అలలు రెండింటిగుండ పోయి ఆవల కలిసికొన్నప్పుడు కొన్నిచోట్ల అలమీద అల ఎక్కును. కొన్నిచోట్ల అల అలను అణచివేసి నీరు నిలకడగా నుండును. జొన్నగింజలను రెండు కన్నములగుండ విసరినచో అట్లు జరుగదు. ఆవల రెండు కుప్పలు పడును. అంతే. శాస్త్రజ్ఞులు ఎలక్ట్రానులను ఒకదాని వెనుక ఒకటిగా రెండు సన్నని చీలికలవైపు పంపి చూచిరి. ప్రతి ఎలక్ట్రానును తెరమీద గింజవలె ఒక్కచోటనే పడెను. కాని వేలకొలదిగా పడిన తరువాత చూడగా, తెరమీద అలల చారలు ఏర్పడెను! అది ఏ చీలికగుండ పోయెనో పట్టుకొను పరికరము నుంచినప్పుడు మాత్రము చారలు మాసిపోయి, గింజల కుప్పలే మిగిలెను. ఇది కట్టుకథ కాదు. ఎన్నో ప్రయోగశాలలలో, ఎన్నోమారులు, నమ్మనివారు కూడ చేసి చూచినది.

దొంగ లోపలికి వచ్చు ద్వారమిదియే. "చూచుటవలన ఫలితము మారుచున్నది గదా, కాబట్టి మనస్సే లోకమును నిర్మించుచున్నది, నీవు నమ్మి నోటితో పలికినది నీకు జరుగును, ఇది సైన్సు" అని కొందరు వేదికలమీద చెప్పుచున్నారు. బిళ్లలమ్మువాడు ఆ సహోదరికి చెప్పినదియు ఇదే. ఇది రెండు విధముల అబద్ధము. మొదటిది, ఇక్కడ "చూచుట" అనగా మనుష్యుని చూపు కాదు. చీలికయొద్దనున్న పరికరము ఎలక్ట్రానును తాకి గుర్తుపట్టినచో, గదిలో ఎవరును లేకున్నను, ఆ గుర్తును ఎవరును చదువకున్నను, చారలు మాసిపోవును. అక్కడ మనస్సుకు పనిలేదు. రెండవది ముఖ్యమైనది, దీనిని మరువకుడి: కొలుచువాడు దేనిని కొలువవలెనో ఎన్నుకొనగలడు గాని, ఏ ఫలితము రావలెనో ఎన్నుకొనలేడు. ఎలక్ట్రాను ఇక్కడనే పడవలెనని లోకములోని పండితులందరు ఒకటై కోరినను అది వారి మాట వినదు. నూటికి ఎన్ని ఇక్కడ పడునో, ఎన్ని అక్కడ పడునో మాత్రము శాస్త్రము ముందుగా చెప్పును, అది తప్పక జరుగును. కోరిక నెరవేర్చు శక్తిని వెదకువానికి ఇంతకంటె నిరాశ కలిగించు శాస్త్రము లేదని నా అభిప్రాయము.

వేరొక మాటయు వినుచున్నాము. ఒక్కచోట పుట్టి దూరదూరములకు పోయిన రెండు రేణువుల నడుమ విడదీయరాని పొందిక యుండును. ఆ పొందికను ప్రయోగములతో రుజువుపరచినందుకు 2022లో ముగ్గురు శాస్త్రజ్ఞులకు నోబెలు బహుమానము వచ్చెను. దీనిని చూపించి, ప్రార్థన ఇట్లే క్షణములో పోవునని చెప్పుదురు. కాని ఆ పొందికద్వారా ఒక్క మాటనైనను పంపుటకు వీలులేదని అదే శాస్త్రము ఖండితముగా చెప్పుచున్నది. సగము చదివి సగము విడిచిపెట్టుట వాక్యము విషయములో తప్పయినచో, శాస్త్రము విషయములోను తప్పే.

బిళ్లల సంగతి ఇంకొంచెము చెప్పవలెను. 2021 డిసెంబరులో నెదర్లాండ్సు దేశపు అణుభద్రతా సంస్థ ఇట్టి హారములు, కంకణములు మొదలైన పది వస్తువులను పరీక్షింపించి, అవి హాని చేయు రేడియోధార్మిక కిరణములను విడుచుచున్నవనియు, ఎవరును ధరింపరాదనియు హెచ్చరించెను. వాటిలో "క్వాంటమ్" పేరుతో అమ్మినదియు కలదు. మన సహోదరి బిళ్ల అట్టిదే అని నేననను. ఏమి కలిపిరో చెప్పని వస్తువును చంటిబిడ్డకు పాలిచ్చు తల్లియో, రోగియో రాత్రింబగళ్లు రొమ్మున కట్టుకొనుట మంచిది కాదు.

ఇప్పుడు మన వేదికలమీదికి వత్తము. హెబ్రీ పత్రిక 11:3లో అణువులను గూర్చి ముందే చెప్పబడెనని నేనును యౌవనకాలములో ప్రసంగించితిని. కనబడు లోకము కనబడనిదానినుండి కలిగెనని అక్కడ ఉన్నది గదా, అణువు కనబడదు గదా అని. అప్పుడు చాలమంది ఆమెన్ అనిరి. ఇప్పుడు ఆ ప్రసంగమును తలంచుకొన్నచో సిగ్గు కలుగుచున్నది. పత్రిక వ్రాసిన భక్తుడు చిన్న వస్తువులను గూర్చి చెప్పుటలేదు. దేవుని మాటను గూర్చి చెప్పుచున్నాడు. అణువు ఎంత చిన్నదైనను అదియు సృష్టింపబడినదే. సృష్టిలోని చిన్న ముక్కను తెచ్చి సృష్టికర్త వాక్కు స్థానములో కూర్చుండబెట్టుట ఆ వచనమును గొప్పచేయుట కాదు, చిన్నచేయుట.

యోహాను 20వ అధ్యాయము విషయములోను అట్లే. తలుపులు మూసియుండగా ప్రభువు శిష్యుల మధ్యకు వచ్చెను. దీనికి "టన్నెలింగు" కారణమని ఒకరు నాతో వాదించిరి. ఆ పేరు గల క్రియ నిజమే. దాటలేని అడ్డును ఎలక్ట్రానువంటి రేణువు ఒక్కొక్కప్పుడు దాటి ఆవలిప్రక్కన కనబడును. సూర్యుని గర్భములో వేడి సుమారు కోటిన్నర డిగ్రీలు; హైడ్రోజను కేంద్రకములు ఒకదానినొకటి త్రోసికొనుచుండగా వాటిని కలుపుటకు ఆ వేడియు చాలదు. ఈ దాటుడువలననే అవి కలిసి సూర్యుడు మండుచున్నాడు. మన కల్లములలో ఆరబోసిన మిరపకాయలు ఎండుట ఈ క్వాంటమ్ క్రియ ఫలమే! ఎనిమిది నిమిషముల క్రిందట సూర్యుని విడిచిన వెలుగు మన కాయలను ఎండబెట్టుచున్నది. ఇది తెలిసికొని దేవుని స్తుతించుట తగును. కాని మనిషియంత దేహము గోడను అట్లు దాటుటకు విశ్వము వయస్సంతయు కాచుకొన్నను చాలదని అదే లెక్క చెప్పుచున్నది. యోహాను అక్కడ చెప్పగోరినది తలుపు సంగతి కాదు, గాయములు గల చేతుల సంగతి. తోమా అడిగినది వాటినే. పునరుత్థానమును భౌతికశాస్త్రపు చమత్కారముగా చేసినచో, అది అద్భుతమును కాదు, శాస్త్రమును కాదు.

ఇంకొక రుజువు చెప్పెదను. అన్నిటిలో ఇది నాకు బలమైనదిగా తోచుచున్నది. ఈ శాస్త్రము నిజముగా ఏదో ఒక మతమునకు సాక్ష్యమిచ్చుచున్నచో, దానిని బాగుగా ఎరిగినవారందరు ఆ మతమునకే చేరవలెను గదా? చూడుడి. నాటి కృష్ణా జిల్లాలోని ఆగిరిపల్లిలో 1909లో పుట్టిన సూరి భగవంతముగారు సి.వి. రామనుగారితో కలిసి పనిచేసి, ఫోటానుకు తనచుట్టు తాను తిరుగుటవంటి "స్పిన్" అను గుణము కలదని 1931లో ప్రయోగముతో చూపించిరి. మన జిల్లా మనిషి వెలుగు మోతాదు గుణమును పరీక్షించి లోకమునకు తెలిపెననుట మన పిల్లలకు చెప్పదగిన సంగతి. ఆయన బెంగుళూరులోని ఇండియను ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సుకు అధిపతిగాను, 1961 మొదలు 1969 వరకు రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారుగాను ఉండిరి. అట్టి వారు పిమ్మట సత్యసాయిబాబాగారి భక్తులై, ఆయన తెలుగు ఉపన్యాసములను వేదికమీద ఇంగ్లీషులోనికి తర్జుమా చేయుచుండిరి. బెర్లినులోని తన సంఘములో పెద్దగా నుండిన ప్లాంకు, తన చివరి దినములలో దేవుని ఒక వ్యక్తిగా తాను నమ్ముటలేదని ఉత్తరములో వ్రాసెను. ప్లాంకును మన పక్షపు సాక్షిగా పిలుచు ప్రసంగీకులు ఆ ఉత్తరము సంగతి ఎత్తరు. 1979లో అబ్దుస్ సలామునకు, స్టీవెన్ వైన్‌బర్గునకు, గ్లాషోకు కలిపి ఒకే నోబెలు బహుమానము ఇచ్చిరి. సలాము నమాజు చేయు ముసల్మాను. విందులో ఖురాను వాక్యము పఠించెను. వైన్‌బర్గు దేవుడే లేడనువాడు. ఒకే సిద్ధాంతము, ఒకే బహుమానము. మోకాళ్లు వంచు విషయములో దారులు వేరు. అదే సంవత్సరము కేంబ్రిడ్జిలో జాన్ పోల్కింగ్‌హార్న్ అను క్వాంటమ్ పండితుడు ఆచార్యపదవిని విడిచి వేదాంతపాఠశాలలో చేరెను. 1982లో ఆంగ్లికను సంఘములో గురుపట్టము పొంది, తరువాత బ్లీన్ అను పల్లెలో విచారణకర్తగా నుండెను. ఆయన 2021లో మరణించువరకు శాస్త్రమును విశ్వాసమును గూర్చి అనేక గ్రంథములు వ్రాసెను. ఇంత ఎరిగినవాడు క్వాంటమ్ మాటలను అన్నిటికిని అంటగట్టవద్దని మరల మరల హెచ్చరించెను. లోపలినుండి వచ్చినవానికి ఆ మాటల బరువు తెలియును.

అట్లయితే ఈ శాస్త్రమువలన విశ్వాసికి ప్రయోజనమే లేదా అని అడుగుదురేమో. ఉన్నది, కాని అది రుజువు రూపమున కాదు. దేవుడు సుడిగాలిలోనుండి యోబును అడిగిన ప్రశ్నలలో 38:19 చూడుడి: వెలుగు నివాసమెక్కడ, దాని ఇంటిదారి నీకు తెలియునా అను భావము అక్కడ కలదు. ఇన్ని శతాబ్దముల తరువాత మనుష్యుడు ఆ ఇంటి గుమ్మమువరకు పోయి, వెలుగు అలయు అగును, గింజయు అగును, మన ఊహలో అవి రెండును ఎట్లు ఒకటగునో తెలియదని చెప్పి తలవంచుచున్నాడు. ప్రకృతి మన బుద్ధి గీసిన గీతలోనే నడువవలెనన్న నిర్బంధము లేదని భౌతికశాస్త్రము ఒప్పుకొన్నది. మనము దేవుని గూర్చి మాటలాడునప్పుడు ఆ జంకు మనకును ఉండుట మంచిది.

ఆ మనుమడు అడిగిన ప్రశ్న మాత్రము నన్ను చాలదినములు విడువలేదు. "ఎలక్ట్రాను ఎక్కడ పడేదీ ముందుగా ఎవరికీ తెలియదంటున్నారు. మరి దేవుడికి తెలుసా అండీ?" నేను సామెతలు 16:33 చూపించితిని, చీట్లు వేయుట మనుష్యుని పని, తీర్పు ప్రభువుది అని అక్కడ ఉన్నది. అతడు తృప్తిపడలేదు. శాస్త్రజ్ఞులలోను ఇందుగూర్చి ఏకాభిప్రాయము లేదు. ఎలక్ట్రాను పడుచోటు నిజముగానే ముందుగా నిర్ణయింపబడలేదని కొందరు, మనకు మరుగైన కారణముతో నిర్ణయింపబడియే యున్నదని కొందరు. ఇరువురి లెక్కలకును ఒకే జవాబు వచ్చును. సృష్టికి దేవుడు కొంత స్వేచ్ఛ నిచ్చెనని పోల్కింగ్‌హార్న్ తలంచెను. నాకు ఆ తలంపు రుచించుచున్నది గాని, దానిని సంఘమునకు ఉపదేశముగా నియమింపను. ఆ పిల్లవాడు పట్టణములో బి.ఎస్సి. భౌతికశాస్త్రము చదువవలెనని కోరుచున్నాడు. చదువనిండు. ప్రశ్న అడిగినందుకు అతనిని గద్దించిన పెద్దలతో నేను ఏకీభవింపను.

ఇక ఆ సహోదరి ప్రశ్న. ప్రార్థన చేరుటకు ఏ శక్తి కావలెను? నేను ఆమెకు మన నందిగామ సీమలోని రాఘవాపురమువాడైన పాగోలు వెంకయ్యగారి సంగతి చెప్పితిని. మాలపల్లెకు పెద్దయైన ఆయన సువార్త వినకమునుపే విగ్రహములను విడిచి, పేరైనను తెలియని దేవుడు తనకు కనబడవలెనని కొన్ని సంవత్సరములు వేడుకొనెను. ఆ దేవుడెవరో, ఎక్కడనుండునో ఆయనకు తెలియదు. పిమ్మట బెజవాడలో చర్చి మిషనరీ సొసైటీవారైన డార్లింగు దొరగారిని కలిసికొని, 1859లో బాప్తిస్మము పొందెను. ఈ మెరక ప్రాంతములో అనేకుల విశ్వాసము ఆయనతో మొదలైనది. ఆమె వినుచు బిళ్లను చేతితో త్రిప్పుచుండెను.

"ఆయన మెళ్లో ఏముందండీ?" అని అడిగెను.

"ఏమీ లేదమ్మా" అంటిని.

మరునాడు మనుమడు ఆమెను వైద్యురాలియొద్దకు తీసికొనిపోయెను. రక్తపుపోటు చాల హెచ్చుగా నుండెను; మాత్రలు మరల వ్రాసియిచ్చిరి. అమ్మినవాని ఫోను మ్రోగుచున్నది గాని ఎవరును తీయుటలేదు, మూడువేలు పోయినట్టే. మొన్న ఆదివారము ఆరాధన ముగియగానే ఆమె చీరకొంగు ముడివిప్పి మాత్ర తీసి, కడవయొద్దకు పోయి గ్లాసెడు నీళ్లతో వేసికొని, ప్రక్కనున్న స్త్రీతో, "నీయి వేసుకున్నావా?" అని అడుగుచుండెను.